మూడాకుల ముద్ర

శనివారం పొద్దున డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇండియన్ స్టోర్‌కి వెళ్తే సరుకులకన్నా ముందు చక్రపాణి అంకుల్ గొంతు వినిపిస్తుంది. స్టోర్‌లో ఒక మూల టీ కౌంటర్, దాని ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కొడుకులూ కూతుళ్ళూ బండి తోసుకుంటూ లోపలికి పోతే, కారు నడపడం రాని పెద్దవాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చుంటారు. వీళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు తిరిగొచ్చేదాకా ఎక్కడికీ కదల్లేరు. కోతలు కోసేవాడికి అంతకన్నా ఏం కావాలి? అంకుల్ డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వచ్చారు. నా పేరు రవికాంత్, ఎమ్మెస్ చదువుతున్నాను. నాకు కారూ లేదు, వారాంతం వేరే పనీ లేదు. బస్సు దిగి, ఒక టీ కొనుక్కుని ఆయన ఎదురుగా కూర్చుంటాను.

అది 2012 సెప్టెంబరు. మిగతా రెండు కుర్చీల్లో లక్ష్మీపతి అంకుల్, శేషమ్మ గారు ఉన్నారు. లక్ష్మీపతి అంకుల్‌ది వరంగల్. ఆర్టీసీలో టికెట్ చెకింగ్‌లో చేశారు, ఎవరేం చెప్పినా టికెట్ చూపించమన్నట్టే అడుగుతారు. శేషమ్మ గారిది పాల్వంచ పక్కన పల్లె, కూతురి కాన్పుకి వచ్చారు. రెండు వారాలుగా ఆమె గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు ఒళ్ళో కరివేపాకు పోసుకుని, పుల్లల నుంచి ఆకు దూస్తూ కూర్చున్నారు.

"ఇవాళ కథ సరదాకి కాదు" అన్నారు చక్రపాణి అంకుల్. "మీరంతా శ్రద్ధగా విని, ఎక్కడైనా లొసుగుంటే ఇక్కడే చెప్పాలి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా అనుష్క క్లాసులో నేను నిలబడి చెప్పాల్సిన కథ ఇది. ఫోర్త్ గ్రేడ్. గ్రాండ్‌పేరెంట్స్ డే అట. ప్రతి పిల్లా వాళ్ళ ఇంటి ముద్ర ఒక చార్ట్ మీద గీసి తేవాలి, దాని కథ తాతో నాయనమ్మో వచ్చి చెప్పాలి. ఇంటి ముద్ర అంటే మన పాత రాజుల జెండా మీద వరాహమో చేపో ఉండేది చూడండి, అలాంటిది, కాకపోతే ఇంటికొకటి. అనుష్క వచ్చి 'తాతా, వాట్ ఈజ్ అవర్స్?' అంది. క్లాసులో ఒకడికి సింహం ఉందట, ఇంకొకడికి గద్ద. ఈ పిల్ల నా మొహం వంక చూస్తోంది. లేదమ్మా అని ఎలా చెప్తాను, రవీ?"

"మరేం చెప్పారంకుల్?"

"వస్తున్నా, వస్తున్నా. మా అపార్ట్‌మెంట్స్‌లో స్విమ్మింగ్ పూల్ పక్కన బెంచీ మీద రోజూ సాయంత్రం ఒక జపానాయన కూర్చుంటాడు. మొరియామా గారు. నా వయసే. కొడుకు లాస్ కోలినాస్‌లో పని, మనవడు కెంటా, మా అనుష్క క్లాసే. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ రాదు. ఆయన అన్నది కెంటా ఇంగ్లీషులో చెప్తే, దాన్ని అనుష్క తన ముద్దు తెలుగులో చెప్పేది. అలా రెండ్రోజులే. మూడో రోజుకి నాకు జపనీస్ వచ్చేసింది."

"మూడు దినాలల్లనా?" అన్నారు లక్ష్మీపతి అంకుల్.

"నిజానికి రెండున్నరే. మధ్యలో ఒక పూట పడుకున్నాను. సరే, వాళ్ళ ఇంటి ముద్ర మూడాకులు. కొసలు బయటికి, తొడిమలు లోపలికి, గుండ్రంగా. పెళ్ళికీ చావుకీ వేసుకునే నల్ల కోటు వీపున తెల్లగా ఉంటుంది, ఫోటో చూపించాడు. కథ కూడా చెప్పాడు. ఎప్పుడో నాలుగొందల ఏళ్ళ కింద వాళ్ళ దేశంలో ఒక దొర యుద్ధంలో ఓడిపోయి ఒంటరిగా కొండల్లోకి పారిపోయాడట. మూడు రోజులు తిండి లేదు. కొండ మీద బొగ్గులు కాల్చుకునే మొగుడూ పెళ్ళాల గుడిసె కనపడితే తలుపు కొట్టాడు. ఆయనెవరో వాళ్ళకి తెలీదు. కుండలో ఇంత అన్నముంది గానీ పెట్టడానికి ఇంట్లో కంచం లేదు. ఆవిడ బయటికెళ్ళి చెట్టు నుంచి మూడాకులు తెంపి, గుడ్డతో తుడిచి, అలా పేర్చి దాని మీద అన్నం పెట్టిందట. 'కంచం లేదు, ఏమనుకోకండి' అందట. దొర తిన్నాడు. తిని, ఆకులు పారెయ్యకుండా కడిగి, బట్టల్లో దాచుకుని వెళ్ళాడు. కొన్నేళ్ళకి మళ్ళీ కోట గెలిచాక ఆ మొగుడూ పెళ్ళాల్ని పిలిపించి ఏం కావాలో అడిగితే, వాళ్ళకేం అడగాలో తోచలేదు. అప్పుడాయన ఎండిపోయిన ఆ మూడాకులు బయటికి తీసి, ఇవాల్టి నుంచి ఇది మీ ఇంటి ముద్ర అన్నాడు. మొరియామా గారు ఆ బొగ్గుల ఇంటివాడే."

కౌంటర్‌లో టీ మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బాగుందంకుల్" అన్నాను.

"బాగుందయ్యా. బాగున్నదాన్ని విని చేతులు ముడుచుకుని రావడానికి మనమేమన్నా తక్కువ తిన్నామా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఫోటో కళ్ళజోడు పెట్టుకుని చూసి, 'మొరియామా గారూ, ఇందులో కుట్టు ఏదండీ?' అని అడిగాను. ఆయన బిత్తరపోయాడు. మూడాకులు ఊరికే పేర్చి అన్నం వడ్డిస్తే చేతిలో ఉంటుందా, నేల మీద ఉంటుందా? కుట్టి ఉండాలి. కుట్టు ఉండే ఉంటుంది, మీవాళ్ళు బొమ్మ గీసేటప్పుడు మర్చిపోయారు అన్నాను. ఎందుకంటే ఆ కుట్టు కుట్టింది మా ముత్తాతకి ముత్తాత, దివాన్ పెద చక్రపాణి గారు."

"దివానా? ఏ ఊరికి?"

"బందరుకండీ, లక్ష్మీపతి గారూ. రేవులో పదహారు ఓడలు ఆయనవే. కాకపోతే మహా ఆచారం. పరాయి దేశం కంచంలో ముద్ద ముట్టడు. అందుకని ఎక్కడికెళ్ళినా ఒక ఓడ ఆయనకి, వెనకాల ఇంకో ఓడ ఆయన విస్తరాకులకి. అలా జపాన్‌కి బయల్దేరాడు. నడి సముద్రంలో గాలివాన. తెరచాప చిరిగి పేలికలైపోయింది. నావికులు ఏడుపు. దివాన్ గారు లేచి, వెనక ఓడలోంచి ఆకులు తెప్పించి, నలభై వేల ఆకులతో అరగంటలో కొత్త తెరచాప కుట్టేశాడు."

"అరగంటలో నలభై వేలా? నిమిషానికి ఎన్ని పడ్తయ్?"

"లెక్కలు సోమవారం చెప్తా. ఆ తెరచాప ఎంత గట్టిదంటే, ఓడ జపాన్ దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రివర్స్ చేసుకుని వెనక్కి రావలసి వచ్చింది. వచ్చిన ఊపుకి రేవులో ఆగక కొండెక్కేసింది. సరిగ్గా ఎక్కడికి? ఆ బొగ్గుల గుడిసె ముందుకి. చూస్తే ఆ ఇల్లాలు మూడాకులు పేర్చి అన్నం గరిట ఎత్తింది. 'అమ్మా, ఆగు!' అన్నాడు దివాన్ గారు. ఆకులు తన ముందు పెట్టుకుని కూర్చుని..."

"ఏ ఆకు, అన్నా?" అన్నారు శేషమ్మ గారు.

ఆ గొంతు మేము మొదటిసారి సరిగా వినడం అదే. చక్రపాణి అంకుల్ అటు తిరిగారు.

"వాళ్ళదేదో కొండ ఆకులే చెల్లెమ్మా. కానీ దివాన్ గారి దగ్గర ఉన్నది మోదుగ."

"పచ్చిదా, ఎండిందా?"

"ఎండిందే. పచ్చిది ఆ పూటకే పనికొస్తుంది. ఎండిన ఆకు మీద ముందు రోజు నీళ్ళు చిలకరించి, గోనెపట్టా కప్పి, పైన రాయి పెడితే పొద్దునకి మెత్తబడుతుంది. నున్నటి వైపు పైకి ఉండాలి, ఈనెల వైపు కిందకి. ఒక ఆకు అంచు ఇంకో ఆకు మీదకి రెండు వేళ్ళంత ఎక్కాలి, లేకపోతే పులుసు ఆగదు. చీపురుపుల్ల సన్నగా చీల్చి, ఇలా పైనుంచి గుచ్చి, కిందనుంచి తిప్పి, మళ్ళీ పైకి తెచ్చి..."

ఇంతసేపూ ఆకాశంలో ఓడలు నడిపిన చెయ్యి మోకాలి మీదకి దిగింది. గొంతు కూడా తగ్గింది. ఎడమ అరచేతిలో లేని ఆకుని లేని పుల్లతో కుడుతున్నారు. కుట్టు కుట్టుకీ బొటనవేలి గోరు టప్పున కొడుతోంది. శేషమ్మ గారు కరివేపాకు దూయడం ఆపేశారు.

అంకుల్ ఉన్నట్టుండి తల ఎత్తి, మమ్మల్ని చూసి, మళ్ళీ గొంతు పెంచారు.

"అయితే అసలు సంగతి వినండి! ఆ దొర సైన్యం పదివేలమంది అడవిలో దాక్కుని ఉన్నారు, అందరికీ ఆకలి. దివాన్ గారు విస్తరి కుట్టడం ఆపలేదు. కుట్టుకుంటూ పోయాడు. మన డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ ఉంది చూశారా, ఆ టెర్మినళ్ళూ రన్‌వేలూ అన్నీ కలిపి ఎంత ఉంటుందో అంత విస్తరి. పదివేలమంది చుట్టూ కూర్చున్నారు. ఈ చివరనున్నవాడికి ఆ చివర పచ్చడి కావాలంటే గుర్రమెక్కి వెళ్ళాలి. ఇక్కడ పప్పుచారు పోస్తే అవతలి అంచుకి చేరడానికి రెండ్రోజులు పట్టేది, అప్పటికీ పొగలు కక్కుతూనే ఉండేది."

"ఒక్క చుక్క కూడా కిందికి కారలేదా అంకుల్?"

"కారదు రవీ! ఎవరు కుట్టారనుకున్నావ్? ఆ తర్వాత ఏమైందో తెలుసా? భోజనాలయ్యాయో లేదో శత్రువులు చుట్టుముట్టారు. వెనక కొండ, ముందు సముద్రం. దివాన్ గారు విస్తరిని నీళ్ళలోకి తోయించి, సైన్యాన్నంతా దాంట్లోకి ఎక్కించి, గుర్రాలతో సహా దాటించేశాడు. శత్రువులు ఒడ్డున నిలబడి చూసి, కత్తులు కింద పడేసి, మాకూ ఒక పంక్తి వెయ్యండి అని బతిమాలుకున్నారు. యుద్ధం అక్కడితో సరి. దొర కోటకి తీసుకెళ్ళి సగం జపాన్ రాసిస్తానన్నాడు. దివాన్ గారు వద్దన్నారు. ఓడలో ఆకులకే చోటు లేదు, సగం దేశం ఎక్కడ పెట్టుకోను అన్నారు. జపాన్‌వాళ్ళు ఇప్పటికీ అన్నం తినేముందు చేతులు జోడించి తల వంచుతారు. మొరియామా గారు కూడా చేస్తాడు, నేను కళ్ళారా చూశాను. అది ఎవరికనుకున్నారు? వాళ్ళకి తెలీదు పాపం. మా దివాన్ గారికే!"

నేను నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయాను. లక్ష్మీపతి అంకుల్ టీ పొలమారి దగ్గుతూ, "సబూత్ ఏదయ్యా, రుజువు?" అన్నారు.

చక్రపాణి అంకుల్ నవ్వలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు.

"అక్కడే చిక్కంతా. స్కూల్ నుంచి పంపిన కాగితం. ముద్ర ఏమిటి, కథ ఏమిటి, అన్నీ అనుష్క నింపేసింది. చార్ట్ కూడా అయిపోయింది, కారులో ఉంది. ఓడ, తలపాగా, మూడాకులు, రంగులు కూడా వేసింది. ఆఖరి ప్రశ్న ఒక్కటే ఖాళీ. 'హౌ డు యు నో దిస్ స్టోరీ?' ఈ కథ నీకెలా తెలుసు? నాలుగు రోజులుగా అడుగుతోంది. నిన్న ఏమందో తెలుసా? 'తాతా, మొరియామా తాత స్టోరీ వాళ్ళ తాత చెప్పాడు, ఆయనకి వాళ్ళ తాత చెప్పాడు. మనకి ఎవరు చెప్పారు? మిస్ అడిగితే నేను లై చెప్పను' అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. సోమవారం మొరియామా గారు కూడా అక్కడే కూర్చుని ఉంటాడు. తాళపత్రం ఉండేదని రాయించనా? తుఫానులో కొట్టుకుపోయిందని చెప్పనా? మీరు చెప్పండి, ఏది నమ్మేటట్టు ఉంటుంది?"

"ఏదీ రాయించకన్నా" అన్నారు శేషమ్మ గారు. "నాకొకటి చెప్పు. పదహారు ఓడల దివాన్‌కి చీపురుపుల్ల చీల్చే పనేంది?"

"అది... ఆచారం అన్నాను కదా..."

"ఆచారం ఉన్నోడు తింటడు. కుట్టేటోళ్ళు వేరే ఉంటరు. నువ్వు ఓడ గురించి చెప్పినప్పుడు నీ చెయ్యి ఎటో తిరిగింది. ఆకు గురించి చెప్పినప్పుడు మాత్రం చక్కగ కుట్టింది. గుచ్చినవ్, తిప్పినవ్, గోరుతోటి పుల్ల తుంచినవ్. ఆ తుంచుడు చూస్తే రాదు. చిన్నప్పటి సంది కూసొని కుడితేనే వస్తది. నాకూ వచ్చు." ఆమె తన కుడి బొటనవేలు చూపించారు. గోరు ఒక పక్క గట్టిపడి, పసుపురంగు తేలి ఉంది. "మీ ఇంట్ల ఎవరన్నా కుట్టేటోళ్ళు?"

చక్రపాణి అంకుల్ నోరు తెరిచారు. ఇంకో ఓడ వస్తుందనుకున్నాను. రాలేదు. కాగితాన్ని మళ్ళీ మడిచి, మడతల మీద వేలితో రాస్తూ కూర్చున్నారు.

"మా అమ్మ" అన్నారు చివరికి.

"ఏ ఊరు?"

"మధిర పక్కన. బందరూ కాదు, గిందరూ కాదు. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు. అమ్మ మోదుగాకు తెచ్చి కుట్టేది, నేను బడికెళ్ళేముందు ఒక కట్ట కుట్టాలి. చుట్టుపక్కల ఏ పెళ్ళైనా మా విస్తళ్ళే. మేమూ వెళ్ళేవాళ్ళం, భోజనానికి కాదు. అమ్మ పందిరి చివర నిలబడి పంక్తి మొత్తం చూసేది, ఎక్కడైనా పులుసు కారుతోందేమో అని. అందరూ తిన్నాక, ఆఖర్న మాకు పెట్టేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక మా నాన్న కరణం అని చెప్పాను. ఎవరో అడిగారు, నోటికొచ్చింది, అనేశాను. ఇక దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చాను. మా అబ్బాయికి కూడా తెలీదు. వాడు పుట్టేనాటికి అమ్మ లేదు. కరణం నుంచి దివాన్ దాకా రావడానికి ఎంతసేపు పట్టింది చెప్పండి?"

ఆయనని అలా చూడటం నాకు కష్టంగా అనిపించింది.

"ఆ జపానాయన వాళ్ళేమో" అన్నారు శేషమ్మ గారు మెల్లగా, "ఇంట్ల కంచం లేకుండె అని నాలుగొందల ఏండ్ల సంది వీపు మీద ఏసుకొని తిరుగుతున్నరు. పెండ్లికి కూడా ఏసుకుంటరంట. నువ్వేమో అన్నా, కంచం లేనోళ్ళకి కంచం కుట్టిచ్చిన తల్లిని దాస్తివి."

"తేలిగ్గా చెప్తావ్ చెల్లెమ్మా!" అంకుల్‌కి కోపం వచ్చింది. "వాళ్ళకి దొర ఇచ్చాడు. మా అమ్మకి ఎవరిచ్చారు? తిన్నవాళ్ళు మడిచి, బయటికి విసిరేసి చెయ్యి కడుక్కుని పోయారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఈ విస్తరి ఎవరు కుట్టారని అడిగాడా? సోమవారం సింహాల మధ్య, గద్దల మధ్య నా మనవరాలు ఎంగిలాకు పట్టుకుని నిలబడాలా?"

అప్పుడే అనుష్క ఒక్కతే వచ్చింది.

"తాతా, డాడ్ బిల్లింగ్ లైన్‌లో ఉన్నాడు. టెన్ మినిట్స్ అంట. నువ్వు యాంగ్రీ ఉన్నావా?"

అంకుల్ ఆ పిల్లని చూశారు, నన్ను చూశారు, లేచి బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాం. పార్కింగ్ లాట్ చివర ఓక్ చెట్టు కింద ఎండలో నిలబడి, కొమ్మ వంచి, ఒక్కో ఆకూ తిప్పి చూసి తెంపుతున్నారు. అరచేయంత ఆకులు గుప్పెడు పట్టుకొచ్చి, టీ కౌంటర్ మీద డబ్బాలోంచి టూత్‌పిక్‌లు తీసుకుని, ఒకదాన్ని పంటితో నిలువునా చీల్చి, కుర్చీలో కూర్చున్నారు.

"అంచులు పాడు, పళ్ళు పళ్ళుగా ఉన్నాయి" అని గొణిగారు. తర్వాత మాటల్లేవు. మూడాకులు, కొసలు బయటికి. ఒకదాని అంచు మీద ఒకటి. గుచ్చడం, తిప్పడం, టప్. గుచ్చడం, తిప్పడం, టప్. చుట్టూ అంచు పైకి మడిచి ఇంకో నాలుగు కుట్లు వేస్తే చిన్న దొన్నె తయారైంది. టీ కప్పు చల్లారే లోపలే అయిపోయింది. ఆ పని ఆయన ఎన్నేళ్ళ తర్వాత చేశారో నాకు తెలీదు.

అనుష్క నోరు తెరుచుకుని చూస్తోంది. "తాతా! హూ టాట్ యూ దిస్?"

"మా అమ్మ."

"దివాన్ ఆమెకి నేర్పించాడా?"

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "దివాన్ లేడమ్మా. ఓడ కూడా లేదు. అవి నేను కల్పించాను."

అనుష్క చాలాసేపు ఆలోచించింది. తర్వాత దొన్నెని ఒక వేలితో ముట్టుకుంది. "సో, ఈ పార్ట్ ట్రూ?"

"ఇది ట్రూ."

"ఆమె పేరు ఏంటి?"

"నాగరత్నమ్మ."

"ఓకే. చార్ట్‌కి బ్యాక్ సైడ్ ఖాళీ ఉంది, నేను మళ్ళీ గీస్తాను. స్టిచెస్ కూడా గీస్తాను. కెంటా దాంట్లో స్టిచెస్ లేవు." ఆ పిల్ల ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, ఆఖరి ప్రశ్న దగ్గర పెన్సిల్ పెట్టి, "నా-గ-రత్-న-మ్మ స్పెల్లింగ్ చెప్పు" అంది.

శేషమ్మ గారు తన నీళ్ళ సీసా మూత తీసి, దొన్నెలో నిండా పోశారు. అందరం వంగి చూశాం. లక్ష్మీపతి అంకుల్ అయితే కళ్ళజోడు సవరించుకుని మరీ చూశారు. నీళ్ళు నిలిచాయి. కొంతసేపటికి కింద కుట్టు దగ్గర ఒక చుక్క ఊరి, పెద్దదై, చక్రపాణి అంకుల్ మోకాలి మీద పడింది.

"మా అమ్మ కుడితే చుక్క కారేది కాదు" అన్నారాయన.

అలవాటు కొద్దీ, ఇదీ కోతేనేమో అని, నేనూ లక్ష్మీపతి అంకులూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"కారదు" అన్నారు శేషమ్మ గారు.